నాలుగు రికార్డులు, ఒకే గొంతు

మా విద్యార్థి ఒకడు తన ఊరికి ఏటా గోదావరి వరదలు వస్తాయని రాశాడు. అతనిది కోసిగి దగ్గర పల్లె. ఎండాకాలంలో ఆ పల్లెకు నీళ్ల ట్యాంకరు వస్తే అదే పెద్ద సంగతి. వరద తీసిన తర్వాత కొబ్బరి తోటల్లో బురద మేట వేస్తుందనీ, చేపల వేట మీద బతికే కుటుంబాలు అవస్థ పడతాయనీ కూడా రాశాడు. మొదటి పేజీలో, ఇది తాను స్వయంగా చూసి రాసినదని ధ్రువీకరణ. కింద సంతకం.

రెండువేల దశకం నడిమి సంవత్సరాలవి. కర్నూలు జిల్లా పడమటి అంచున ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. డిగ్రీ చదివే వాళ్లందరికీ పర్యావరణ విద్యను తప్పనిసరి చేసిన కొత్త. ఎవరి ఊరి గురించి వాళ్లు ఒక రికార్డు రాసి ఇవ్వాలి. ఇవ్వని వాళ్లను పరీక్షకు కూర్చోనివ్వరు. కొత్త సబ్జెక్టుకు లెక్చరర్‌ను వేయలేదు కాబట్టి అది నా నెత్తిన పడింది. నాకు అప్పటికే కొంచెం పేరుండేది. విభూతి తీసే బాబాల గుట్టు సంతల్లో నిలబడి విప్పేదాన్ని. పత్రికల్లో ఘాటు వ్యాసాలు రాసేదాన్ని. అందుకని రికార్డులను కూడా అదే కంటితో చదివాను. నలభై రికార్డుల్లో సగానికి పైగా గోదావరి పొంగింది.

ఆ గోదావరి ఎక్కడ పుట్టిందో కనుక్కోవడం కష్టం కాలేదు. బస్టాండు దగ్గర జిరాక్సు కొట్టు. కొట్టాయన తన బంధువు ఎవరో కోస్తా నుంచి తెచ్చిన రికార్డును ప్రతులు తీసి పిల్లలకు ఇస్తున్నాడు. వెళ్లి అడిగాను. ఆయన ఏమీ తడబడలేదు. ‘‘ఊరు పేరు రాసుకునేదానికి జాగా వదిలిపెట్టినాం కదా మేడం. నదిని కూడా మార్చుకోవాలని వాళ్లకు ఉండాల’’ అన్నాడు. వెనక నిలబడిన ఇద్దరు విద్యార్థులు నన్ను చూసి కౌంటరు కిందికి వంగి ఏదో వెతుక్కున్నారు.

మరునాడు క్లాసులో ఆ పేజీలు చదివాను. మీ ఊళ్లో చేపలు పట్టేది ఎవరో చెప్పమని అడిగాను. క్లాసంతా నవ్వింది. రాసిన వాళ్లు కూడా నవ్వారు. నాకు ఆ నవ్వు చాలలేదు. ఒకటో తరగతి నుంచి వీళ్లకు మనం నేర్పిందేమిటి? బోర్డు మీద ఉన్నది దించుకోవడం. నోట్సులో ఉన్నది బట్టీ పట్టడం. పట్టినది పట్టినట్టు అప్పగించిన వాడికి మొదటి మార్కు, సొంత మాట కలిపిన వాడికి ఎర్ర గీత. పదిహేనేళ్లు ఇలా తయారు చేసి, ఇప్పుడు హఠాత్తుగా స్వయంగా చూసి రాయమంటే వాళ్లకు కళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? ఆ మాట స్టాఫ్‌రూములో అంటే ప్రిన్సిపాల్ విసుక్కున్నారు. స్వాతంత్ర్య దినోత్సవానికి ఆయన ఏటా చదివే ఉపన్యాసం ఏ గైడులోదో నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. మార్కులు వేసి పంపించండి మేడం అన్నారు. నేను రికార్డులన్నీ వెనక్కి ఇచ్చేశాను. మళ్లీ రాయమని రెండు వారాలు గడువు పెట్టాను.

రెండోసారి వచ్చిన వాటిలో గోదావరి లేదు. బండరాళ్లు వచ్చాయి, తుమ్మచెట్లు వచ్చాయి, ఎండిన వంక వచ్చింది. చాలావరకు పేలవంగానే ఉన్నాయి. కాని వాళ్లవే.

వాటి మధ్యలో నాలుగు రికార్డులు నన్ను కూర్చోబెట్టి చదివించాయి. నాలుగూ కోసిగి వైపు ఒకే పల్లెవి. ఒకటి బోరు గురించి, ఒకటి మేకల గడ్డి గురించి, ఒకటి పొయ్యిలోకి కట్టెలు ఏరే ఆడవాళ్ల గురించి, ఒకటి ఊరి పాత బావి గురించి. ఒక్క అనవసరపు మాట లేదు. అయ్యో అనడం లేదు. చదువుతుంటే నోరెండింది. రెండోసారి చదువుతున్నప్పుడు అనుమానం వచ్చింది. విషయాలు నాలుగు, చేతిరాతలు నాలుగు, గొంతు మాత్రం ఒకటే. ప్రతి పేరా ఒకే తీరుగా మొదలవుతోంది. ముందు చూసిన మనిషి ఎవరో, తర్వాత ఎక్కడ నిలబడి చూశారో, ఆ తర్వాత ఏ నెలలోనో. నలుగురు మనుషులు ఇంత ఒకేలాగా ఆలోచించరు. ఒకరు రాసి ముగ్గురికి ఇచ్చారు.

ముగ్గురిని పిలిచాను. ఇద్దరు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. రెండు ప్రశ్నలకే ఒప్పుకున్నారు. చెప్పింది తామే, రాసింది మాత్రం ఫలానా అక్క అన్నారు. ఆ అక్క కూడా వీళ్ల క్లాసే. ఇంటి ఇబ్బందుల వల్ల నడుమ రెండేళ్లు చదువు మానేసి వచ్చింది కాబట్టి వాళ్లకు అక్క అయింది. చివరి బెంచీలో కూర్చునే అమ్మాయి, బి.సి. హాస్టల్లో ఉండేది. బోరు గురించిన రికార్డు ఆమెది.

నేను ఆమెను పిలవలేదు. అది నా తప్పు. దొంగ సాక్ష్యం పట్టుకున్నంత ఉత్సాహంలో ఉన్నాను. నాలుగు రికార్డులూ రద్దు చేయాలని ప్రిన్సిపాల్‌కు నోటు రాసి, టైపు చేయించి, సంతకం పెట్టి, సాయంత్రం ఇద్దామని సంచిలో పెట్టుకున్నాను. రద్దయితే నలుగురికీ ఆ ఏడు పరీక్ష లేదు.

ఆ ముగ్గురూ చెప్పినట్టున్నారు, మధ్యాహ్నం ఆమే వచ్చింది. స్టాఫ్‌రూములో నేను ఒక్కదాన్నే ఉన్నాను. గుమ్మంలో నిలబడి లోపలికి రావచ్చా అని అడిగింది. ఏడవలేదు, చేతులు కట్టుకోలేదు. ముందు తన సంగతి చెప్పింది. వచ్చే వారం ఆమె అమ్మానాయనా సుగ్గికి పోతున్నారు. సుగ్గి అంటే ఆ వైపు మాటలో వలస. పంటలు అయిపోగానే పల్లెలు లారీలెక్కి గుంటూరు వైపు మిరపకాయ కోతకు పోతాయి. ఈ ఏడు పరీక్ష రాస్తేనే హాస్టల్లో ఉండు, లేకపోతే మాతో రా, ఒక చెయ్యి ఎక్కువవుతుంది అని నాయన చెప్పాడట. ఒకసారి లారీ ఎక్కితే ఇక చదువు లేదని ఆమెకు తెలుసు. రెండేళ్లు అలాగే పోయాయి.

ఇంత చెప్పి, బతిమాలుతుందేమో అనుకున్నాను.

‘‘మీరు నన్ను దొంగ అంటాండారు మేడం’’ అంది. ‘‘నేను ఎవురిది దొంగిలించినానో చెప్పండి. చెప్తే పోతా.’’

ఆ అమ్మాయి అలా నిలబడిన తీరు చూస్తే మా నాయన అమావాస్య చర్చలు గుర్తొచ్చాయి.

మాది రాయచోటిలో బట్టల కొట్టు. బజారులోని వ్యాపారస్థులందరూ అమావాస్యనాడు కొట్లు కట్టేసేవాళ్లు. నాయనకు అమావాస్య మీద నమ్మకం లేదు. కాని ఆ రోజు బేరానికి ఎవరూ రారు కాబట్టి, వెనక గదిలో చాప పరిచి చర్చ పెట్టేవాడు. బడిపంతుళ్లు, ఒక దర్జీ, పోస్టుమాస్టరు, దేవుణ్ణి నమ్మే వాళ్లు, నమ్మని వాళ్లు. వితంతు వివాహం, కులం, జాతకం, ఏది దొరికితే అది. ఆ గదిలో ఒకే ఒక నియమం. ఎదుటివాడి మాటను ఖండించే ముందు దాన్ని నువ్వు నీ నోటితో చెప్పాలి. నేను అన్నది అదే అని అతను తల ఊపాలి. అప్పటిదాకా నీకు ఖండించే హక్కు లేదు. పదేళ్ల పిల్లనైనా, పోస్టుమాస్టరైనా అంతే. తొందరపడి ఎవరైనా వాదం మొదలుపెడితే నాయన చెయ్యి అడ్డం పెట్టేవాడు. ‘‘ఇంగా తల ఊపలేదు. కూచో’’ అనేవాడు. నేను వాదించడం నేర్చుకున్నది అక్కడే. సంతల్లో బాబాల ముందు నిలబడినప్పుడు ఆ నియమాన్ని ఎప్పుడు వదిలేశానో నాకే గుర్తులేదు.

కుర్చీ చూపించి కూర్చోమన్నాను. నీ మాట నేను చెప్తాను, సరిపోయిందో లేదో చెప్పు అన్నాను.

మొదట, స్నేహితుల మీద జాలితో రాసిచ్చావు అన్నాను. కాదని తల అడ్డంగా తిప్పింది. వాళ్లకు రాయడం చేతకాదు, నీకు వచ్చు, అందుకని సాయం చేశావు అన్నాను. మళ్లీ కాదంది. ఈసారి కొంచెం కోపంగా. నా తెలివి అక్కడికి అయిపోయింది. ఓడిపోయాను, నువ్వే చెప్పు అన్నాను.

అప్పుడు చెప్పింది. ఎనిమిదో తరగతి నుంచి ఊరందరికీ అర్జీలు రాసేది ఆమే. రేషన్ కార్డు, ఎండిన బోరు, రాని పింఛను, కూలిన గోడ, ఏదైనా. హాస్టలు నుంచి ఆమె ఇంటికి పోతే చాలు, సోమవారం మండలాఫీసుకు పోయే ముందు జనం ఆమె గుమ్మంలో కూర్చుంటారు. ఆమె అడుగుతుంది. ఎవరు చూశారు, యాడ ఉండి చూశారు, ఏ నెల. వాళ్లు చెప్తారు. ఆమె రాస్తుంది. ఆఫీసులో ఆ మూడూ లేని అర్జీని పక్కన పడేస్తారని చిన్నప్పుడే తెలుసుకుంది.

నా అనుమానానికి కారణమైన ఆ గొంతు ఎక్కడిదో అప్పుడు తెలిసింది. అది అర్జీ గొంతు.

‘‘అర్జీ నేను రాస్తా. ఏలిముద్ర వాళ్లు వేస్తారు’’ అంది. ‘‘అది నాదంటే ఊర్లో నవ్వుతారు మేడం. బోరు వాళ్లది, కష్టం వాళ్లది, అర్జీ కూడా వాళ్లదే. ఇదీ అట్లాంటిదే అనుకున్యా. గడ్డి సంగతి చెప్పింది వాడు, కట్టెల సంగతి వాడు. నేను ఒట్టి చెయ్యి.’’

మూడోసారి నేను చెప్పాను. చూసింది వాళ్లు, అనుభవించింది వాళ్లు, కాగితం మీదికి ఎక్కించిన చెయ్యి ఎవరిదైతే ఏముంది, మాట వాళ్లదే అని నీ వాదం అన్నాను. నన్ను తేరిపార చూసి తల ఊపింది.

ఇక ఖండించే హక్కు నాకు వచ్చింది. కాని ఆ క్షణంలో దాని మీద ఆశ పోయింది. అయినా చెప్పాల్సింది చెప్పాను. అర్జీ తీసుకునే అధికారికి, వేలిముద్ర వేసిన మనిషికి రాయడం రాదని తెలుసు, అక్కడ ఎవరూ ఎవరినీ మోసం చేయడం లేదు. రికార్డు మొదటి పేజీలో మాత్రం నేనే రాశానని సంతకం ఉంది. అది అబద్ధం. దానికంటే పెద్దది ఇంకొకటి. నాకు కావలసింది గడ్డి ఎండిందన్న సమాచారం కాదు, ఎండిన సంగతిని ఆ అబ్బాయి తన మాటలతో చెప్పగలడా అన్నది. నువ్వు రాసిపెట్టినంత కాలం అది ఎవరికీ తెలియదు, వాడికి కూడా తెలియదు.

ఆమె కిటికీలోంచి గ్రౌండు వైపు చూస్తూ ఉంది.

‘‘వాళ్లకు రాసేది వస్తాది మేడం’’ అంది చివరికి. ‘‘నేనుండానని రాయరు, అంతే.’’

నేను సంచిలోంచి నోటు తీసి ఆమె ముందే చింపాను. అది క్షమించడం కాదని కూడా చెప్పాను. ఆమె రికార్డు ఆమెదే, దానికి అడ్డం లేదు. మిగతా ముగ్గురూ మళ్లీ రాయాలి, ఆదివారం, నా కళ్ల ముందు. ఆమె కూడా రావాలి. కాని కలం ముట్టుకోకూడదు. అర్జీకి అడిగినట్టు అడగడం వరకే ఆమె పని. ఆ ముగ్గురి రికార్డులు నిలబడకపోతే, అబద్ధపు ధ్రువీకరణలకు సాయం చేసినందుకు నేను మళ్లీ నోటు రాయక తప్పదని మాత్రం దాచలేదు. ఒప్పుకుంది.

ఆదివారం కాలేజీ వరండాలో రెండు బెంచీలు వేశాం. వాచ్‌మన్ నీళ్ల కుండ తెచ్చిపెట్టి, ఆదివారం పూట ఈ పిల్లోళ్లు ఏం పాపం చేసినారు మేడం అని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయాడు. పొద్దున్నంతా నరకం. ఒకడు ఒక వాక్యం రాసి అక్క వైపు చూస్తాడు. ఆమె చేతులు ఒళ్లో బిగించుకుని కూర్చుంది. ఇంకొకడు, ‘‘నువ్వు రాసిందే బాగుండాది గదక్కా, మళ్లా ఎందుకు చెరిపేది’’ అని గునిశాడు. ఆమె దానికి జవాబివ్వకుండా, మీ మేకలు పోయిన ఏడు ఈ నెలలో ఏం తినినాయిరా అని అడిగింది. వాడు చెప్పబోయాడు. చెప్పొద్దు, రాయి అంది.

మధ్యాహ్నానికి కలాలు కదిలాయి. తప్పులు లెక్కలేనన్ని. వాక్యం ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియదు. కాని మేకల అబ్బాయి రాసిన దానిలో ఒక్కో మేకకు ఒక్కో తిండి ఇష్టం ఉంది, కరువులో ముందు చచ్చేది ఏదో ఉంది. అక్క రాసిన దానిలో అది లేదు. అర్జీకి అది అక్కర్లేదు మరి.

చివరగా బావి గురించి రాస్తున్న అమ్మాయి కాగితం ఇచ్చింది. సన్నటి పిల్ల, క్లాసులో నోరెత్తదు. అంతకుముందు అక్క రాసిచ్చిన రికార్డులో బావి ఎంత లోతో, ఎప్పుడు ఎండిందో, ఎవరు తవ్వించారో పద్ధతిగా ఉంది. ఈ పిల్ల తన రాతలో లోతు కూడా చెప్పలేదు. ఏడేళ్లప్పుడు తనను నడుముకు తాడు కట్టి బావిలోకి దింపేవాళ్లని రాసింది. ఇంటిల్లిపాదిలో బరువు తక్కువ మనిషి తానే కాబట్టి. అడుగున రాతి సందులో ఊరే నీటిని చెంబుతో తోడి బిందెలో పోయాలి. బిందె ముందు పైకి పోతుంది, తర్వాత తాను. ఆ నడుమ చీకట్లో ఒక్కతే ఉండాలి. ‘‘పైన మా అమ్మ మొగం రూపాయి బిళ్లంత కనపడేది. అది కనపడినంత సేపు నాకు బయం లేదు’’ అని రాసింది. బిళ్ల దగ్గర కొట్టివేత, భయానికి ఒత్తు లేదు.

నేను చదివి, కాగితం అక్క చేతికి ఇచ్చాను. ఆమె చదివింది. చదివి ఆ పిల్ల వైపు తిరిగింది.

‘‘ఇది నాకు చెప్పలేదే నువ్వు.’’

‘‘నువ్వు అడగలేదు కదక్కా. లోతెంతని అడిగితివి.’’

అక్క మొహంలో నేను చూసింది సిగ్గు కాదు. ఎన్నేళ్లుగానో నడిచే దారిలో పక్కనే ఇంకో దారి ఉందని చూసిన మనిషి మొహం అది. కాగితం మళ్లీ మొదటి నుంచి చదివింది. తర్వాత కుండలోంచి నీళ్లు ముంచి ఆ పిల్లకు ఇచ్చింది. దానికి ఏమనాలో నాకు తెలియదు. నేను మతం మీద, గురువుల మీద, మహిమల మీద విరుచుకుపడిన వాక్యాలు వందలు రాశాను. అద్భుతం అనే మాటను ఎవరైనా నా ముందు వాడితే నిరూపించమనేదాన్ని. ఆ ఆదివారం వాడాలనిపించింది.

సోమవారం నాలుగు రికార్డులూ ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టాను. ముగ్గురివి వాళ్ల సొంత తప్పులతోనే. తప్పులు దిద్దించకుండా తెచ్చారేమని ఆయన అడిగారు. ఆ తప్పులే సాక్ష్యం సార్, ఇవి ఏ జిరాక్సు కొట్టులోనూ దొరకవు అన్నాను. ఆయన నవ్వుతూ సంతకం పెట్టారు. బావి పేజీ దగ్గర మాత్రం కళ్లజోడు సవరించుకుని కాసేపు ఆగారు. ఆ ఏడు ఆగస్టులో ఉపన్యాసం గైడులోదే చదివారు. చివర రెండు ముక్కలు మాత్రం తన చిన్నప్పటి బడి గురించి కాగితం చూడకుండా మాట్లాడారు. ఆ రెండు ముక్కలకే చప్పట్లు పడ్డాయి.

ఆ వారమే ఒక పొద్దున అర్జీలు రాసే ఆ అమ్మాయి నాయన కాలేజీకి వచ్చాడు. లారీ ఊరి బయట ఆగి ఉందని, తొందరలో ఉన్నానని చెప్పాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, మా పాప పరీక్ష రాస్తాదా మేడం అని అడిగాడు. రాస్తుందన్నాను. ఊపిరి వదిలాడు. అంతలోనే ఫిర్యాదు మొదలుపెట్టాడు. పోయే ముందు బోరు గురించి ఇంకో అర్జీ పెట్టాల్సి ఉండిందట. రాయమంటే కూతురు రాయలేదట.

‘‘అడుగుతా అంటాది గానీ రాయనంటాది. మా తమ్ముని కూతురితో రాయించింది. ఎనిమిది సదువుతాండాది ఆ పాప. చూడండి, కోడి గెలికినట్టు ఎట్ల రాసిందో. మీరేనంట దీనికి నేర్పింది’’ అని జేబులోంచి మడత తీశాడు.

చూశాను. నిజంగానే కోడి గెలికినట్టే ఉంది. ఎవరు చూశారు, ఎక్కడ ఉండి, ఏ నెలలో, మూడూ ఉన్నాయి. కింద మాత్రం ఎవరూ అడగని ఒక వాక్యం ఉంది. బోరు కొట్టినప్పుడల్లా గాలి వస్తుందని, చిన్న పిల్లలు దాన్ని బోరు దగ్గుతోందని ఆడుకుంటున్నారని. మండలాఫీసులో దాన్ని చూసి నవ్వినా నవ్వుతారు. కానీ మరచిపోలేరు. ఇది దిద్దకుండా ఇలాగే ఇవ్వండి అన్నాను. ఆయనకు నమ్మకం కలగలేదు. అయినా జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని లారీ వైపు పోయాడు, ఒక్కడే.

ఆ అమ్మాయి పరీక్ష రాసింది. తర్వాత బి.ఎడ్. చేసింది, ఇప్పుడు నందికొట్కూరు వైపు బడిలో పాఠాలు చెబుతోంది. తన పిల్లలు రాసిన దానిలో గైడు వాసన వస్తే దండించదట. నీ మాట నేను చెప్తాను, సరిపోయిందో లేదో చెప్పు అని మొదలుపెడుతుందట. ఆ నియమం మా నాయనది. ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడో అడగలేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఈ వ్యాసంలో బావి కథ నాది కాదు. రూపాయి బిళ్లంత మొహం ఆ సన్నటి పిల్లది. అచ్చుకు ఇచ్చే ముందు, ఇప్పుడు ఆమె ఉండే ఊరికి బస్సెక్కి వెళ్లి, ఆ భాగం చదివి వినిపించాను. వంటింటి గడప మీద కూర్చుని వింది. ఒక్కచోట ఆపి, చెంబు కాదు మేడం, మా ఊర్లో దాన్ని వేరేగా అంటాం, అయినా చదివేవాళ్లకు తెలియదు, చెంబే ఉండనీయండి అంది. మిగతాదంతా సరిపోయిందా అని అడిగాను.

తల ఊపింది.